గోడమీద ఇల్లు

దువ్వెనతో మొదలుపెడతాను.

సవర ఇంట్లో గోడమీద బొమ్మ పూర్తయింది. నలుచదరంగా గీతల చట్రం, దాని లోపల ఓ ఇల్లు. పైన సూర్యుడూ చంద్రుడూ. లోపల వరసలు వరసలుగా మనుషులు, గుర్రమెక్కినవాడొకడు, జీలుగు చెట్టెక్కి కల్లు గీస్తున్నవాడొకడు, ఓ బల్లి, రెండు కోతులు. గీసినవాడు పుల్ల కింద పెట్టాడు. కానీ పని అయిపోలేదు. ఆ ఇల్లు ఎవరికోసం గీశారో వాళ్ళొచ్చి చూసుకోవాలి. వాళ్ళు బతికున్నవాళ్ళు కారు. కుడాన్ అనే పూజారి నోటి గుండా వస్తారు, చూస్తారు, వంకలు పెడతారు. అది మర్చిపోయారేం, ఇది తక్కువైందేం అంటారు. దువ్వెన లేదంటే గీసినవాడు మళ్ళీ పుల్ల అందుకుని, ఖాళీ ఎక్కడుందో వెతికి, ఓ మూల దువ్వెన గీస్తాడు. వచ్చినవాళ్ళు సరే అన్నాకే ఇంట్లో మంచం పట్టినవాడు కోలుకుంటాడని ఆ ఇంటివాళ్ళ ఆశ.

మీరీ బొమ్మలు చూసే ఉంటారు. కాఫీ కప్పుల మీద, గుడ్డ సంచుల మీద, టస్సరు చీర కొంగుల మీద, భువనేశ్వర్ రోడ్ల పక్క ప్రహరీ గోడల మీద. ఎర్రటి నేల మీద తెల్లటి సన్నని మనుషులు చేతులు పట్టుకుని ఆడుతుంటారు. దుకాణాల్లో 'ట్రైబల్ ఆర్ట్' అంటారు. ఇంకాస్త తెలిసినవాళ్ళు 'సౌరా పెయింటింగ్' అంటారు. మహారాష్ట్ర వార్లీ బొమ్మలతో కలిపేసేవాళ్ళూ ఉన్నారు. అయితే వార్లీ మనిషి ఒంట్లో రెండు త్రికోణాలు సూదిగా కలుసుకుంటాయి, ఆడా మగా తేడా తెలుస్తుంది. సవర మనిషి కాస్త పొడుగు, ఆ కోణాలంత పదును ఉండదు, ఆడో మగో పోల్చుకోవడం కష్టం. తేడాలు ఇంతేనా అంటే ఇంతే కాదు. అసలు తేడా బొమ్మలో లేదు, బొమ్మ ఎందుకు గీశారన్నదాంట్లో ఉంది. ఇది చూడ్డానికి గీసింది కాదు. ఉండడానికి గీసింది.

బొమ్మలు వేస్తే ఒంటికీ మనసుకీ నెమ్మదిస్తుందన్న మాట ఇప్పుడు పెద్ద ఊళ్ళన్నిటా వినబడుతోంది. దానికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. క్షయ వచ్చి శానిటోరియంలో పడుకున్నప్పుడు పొద్దుపోక బొమ్మలు గీసుకున్నాడు, పక్క మంచాలవాళ్ళ చేత గీయించాడు, 1942లో ఆ పేరు పెట్టాడు. 1945లో 'ఆర్ట్ వెర్సస్ ఇల్‌నెస్' అని పుస్తకం రాశాడు. ఆ రోజుల్లోనే, నలభైల మొదట్లోనే, ఇంకో ఇంగ్లండువాడు వెరియర్ ఎల్విన్ మన పక్కనున్న సవర కొండలెక్కి దిగుతున్నాడు. అక్కడ రోగానికి బొమ్మ గీయడం ఎప్పటి ఆచారమో చెప్పగలిగినవాళ్ళెవరూ లేరు. ఒకడు ఆసుపత్రిలో బొమ్మల్లోంచి వైద్యానికి దారి కనిపెట్టాడు. ఇంకొకడు కొండమీద వైద్యంలోంచి పుట్టుకొచ్చిన బొమ్మని చూశాడు. ఈ రెండోదాని కథే నాకు ఎక్కువ ఇష్టం.

ఊరు చెప్పాలి ముందు. వంశధార ఒడ్డున గుణుపూర్, అక్కణ్ణుంచి కొండల్లోకి పోతే పుట్టాసింగి. ఇవాళ ఇది ఒడిశాలో రాయగడ జిల్లా. 1992 అక్టోబరు 2 దాకా కొరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. అంటే మా తాతల నాటికి ఇది 'మన జిల్లా'యే. ఇప్పటికీ రాయగడలో మజ్జి గౌరి గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ బేరమాడాలంటే తెలుగు చాలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు పడింది, 1931 నాటికి గుణుపూర్ చేరింది. ఆ బుల్లి రైలు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఈ కొండల సవరల్ని ఒడిశాలో లాంజియా సౌరా అంటారు. గోచీ చివర వెనక తోకలాగా వేలాడుతుంది కాబట్టి ఒడియావాళ్ళు పెట్టిన పేరు అది. పేరు పెట్టినవాళ్ళ మర్యాద ఏపాటిదో చూడండి. వాళ్ళు తమని తాము సోర అనుకుంటారు. వాళ్ళ భాష తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు, ముండా కుటుంబానిది. మనకీ వాళ్ళకీ చుట్టరికం భాషలో లేకపోయినా శాపంలో ఉంది. ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుణ్ణి పెద్దన్నగా ఒప్పుకోని కొడుకుల్ని విశ్వామిత్రుడు శపిస్తాడు. వాళ్ళ సంతతివాళ్ళని చెప్పే జాబితాలో ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు ఒకే వరసలో ఉంటారు. ఆంధ్రుల పేరు మొదట కనిపించేది అక్కడేనని గొప్పగా చెప్పుకునే మనం, ఆ వాక్యంలోనే ఒక పేరు అవతల ఉన్నవాణ్ణి మాత్రం ఎప్పుడూ పలకరించలేదు.

పలకరించినవాడు ఒకడున్నాడు. గిడుగు రామమూర్తి పంతులు. 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులయ్యాడు. సంతకొచ్చే సవరలు మాట్లాడుకునేది ఏమిటో తెలుసుకోవాలనిపించింది. ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. తెలుగు లిపిలో వాళ్ళకి వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు, దానికి మింగిన క్వినైను చెవులు తీసుకుపోయింది. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. వినికిడి పోయిన మనిషి, నోటిమాటగా తప్ప లేని భాషకి నిఘంటువు కట్టాడు. వాడుక భాష ఉద్యమం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మనవాళ్ళు కాలేజీల పేర్లు, పత్రికల పేర్లు చెబుతారు. నా అనుమానం, పుస్తకంలో లేని భాష కూడా నిండు భాషేనని ఆయనకి మొదట చెప్పింది ఆ ఇంట్లో కూర్చున్న సవర మనిషే.

ఆ భాషలో గీయడానికీ రాయడానికీ ఒకటే మాట, 'ఇడ్'. గోడమీద గీసినది ఇడితాల్. 'సింగ్' అంటే ఇల్లు. సీతంపేట వైపు మన సవరలు ఈ బొమ్మని ఎడిసింగ్ అంటారు. రాసిన ఇల్లు అనుకోండి, గీసిన ఇల్లు అనుకోండి.

ఇక రోగం సంగతి.

ఇంట్లో పిల్లాడికి దగ్గు, తగ్గదు. లేదా పంట పురుగు పట్టింది. లేదా ఒకావిడకి కడుపు నిలవదు. కుడాన్‌ని పిలుస్తారు. మనవైపు ఎజ్జోడు అంటారే, ఆ మనిషి. సవరల్లో ఈ పని ఆడవాళ్ళూ చేస్తారు, చావు కర్మలు నడిపేది చాలాచోట్ల వాళ్ళే. ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, తనకి ముందు ఈ పని చేసి పోయిన కుడాన్లని పాటగా పిలుస్తుంది. పాట పోను పోను నెమ్మదించి, ఒళ్ళు బిగుసుకుపోతుంది. పక్కనున్నవాళ్ళు ఆ చేతులూ కాళ్ళూ వంచి సర్దుతారు. ఆవిడ ప్రాణం కోతిలాగా లోయలు పట్టుకుని కింది లోకానికి దిగిపోయింది. ఖాళీ అయిన ఆ నోట్లోకి ఒకరి తర్వాత ఒకరు పోయినవాళ్ళు వస్తారు. వస్తూనే అడిగేది జీలుగు కల్లు. తర్వాత మాటలు. ఏడుపు, ఎత్తిపొడుపు, నవ్వులు, పొలం తగువులు, పెళ్ళి సంబంధాలు. చుట్టూ కూర్చున్న బతికున్నవాళ్ళు జవాబులిస్తారు, వాదిస్తారు, తిడతారు కూడా.

పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1975లో మొదటిసారి సవరల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఈ మాటలు విని, 1993లో 'డయలాగ్స్ విత్ ది డెడ్' అని పుస్తకం వేశాడు. ఆయన చెప్పిన దాంట్లో నన్ను పట్టేసింది ఒకటుంది. దగ్గుతో పోయినవాడు బతికున్నవాళ్ళకి దగ్గే ఇస్తాడు. పగతో కాదు, బెంగతో. వాడికి వీళ్ళని చూడాలని ఉంది, దగ్గరికి వస్తాడు, తగిలితే వాడి రోగం వీళ్ళకి అంటుకుంటుంది. చచ్చినవాళ్ళూ మనకోసం దుఃఖిస్తారన్నమాట. అలా వచ్చే పోయినవాళ్ళకి సవరలు పెట్టిన పేరు సోనుం. చెట్టుమీంచి పడో, చంపబడో పోయినవాళ్ళు సూర్యుడి సోనుంలో చేరతారు. పులివాత పడ్డవాళ్ళు చిరుత సోనుంలో. అలా ఒక్కో చావుకి కొండమీద ఒక్కో చోటు.

ఫ్రాయిడ్ 1917లో దుఃఖం గురించి రాసిన వ్యాసంలో, పోయినవాళ్ళ మీద ఉన్న బంధాన్ని బతికున్నవాడు మెల్లమెల్లగా విప్పుకుంటూ బయటపడాలన్నాడు. అది ఒక్కడు తన లోపల చేసుకునే పని. సవరల దగ్గర ఆ ముడికి రెండు కొసలున్నాయి, అవతలి కొసని పట్టుకున్నవాడికి కూడా నోరుంది. అందుకే రాజీ కుదరడానికి ఏళ్ళు పడుతుంది. దహనం తర్వాత గువార్, అంటే పోయినవాడి పేర రాయి నాటడం. ఆపైన కర్జ అనే కర్మ. ఈలోగా పోయినవాడు పాత బెంగ వదిలి, పెద్దల్లో కలిసి, తన పేరుని ఇంట్లో పుట్టిన పాపకి ఇస్తాడు. చివరికి కింది లోకంలో కూడా ఇంకోసారి చచ్చిపోయి సీతాకోకచిలుక అవుతాడు. సీతాకోకచిలుక మాట్లాడదు. అక్కడితో ఆ సంభాషణ ముగుస్తుంది.

మా ఇంట్లో సంక్రాంతికి మా మామ్మ పెద్దలకు పెట్టుకునేది. కొత్త బట్టలు, ఆకులో అన్నం, తాతకి ఇష్టమైన వంకాయ కూర, గది తలుపు దగ్గరగా వేసేయడం. "తిన్నాడా మామ్మా?" అని అడిగితే "నువ్వు తొంగి చూస్తే తినడర్రా" అనేది. మా తాత ఏం కావాలన్నాడో ఆవిడ ఎప్పుడూ అడగలేదు, ఆవిడకి తెలుసు. సవరలు అడుగుతారు. ఇంతే తేడా, కానీ ఆ అడగడంలోంచే బొమ్మ పుట్టింది.

ఎందుకంటే అడిగినప్పుడు చాలాసార్లు వాళ్ళు కోరేది ఇల్లు. తిరిగి తిరిగి అలిసిపోయాం, కూర్చునే చోటు లేదు, మాకో ఇల్లు కట్టండి అని. చచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళ ఒళ్ళలో దూరడానికి కారణం వాళ్ళకి దూరడానికి వేరే చోటు లేకపోవడం. చోటు చూపిస్తే పిల్లాడి ఛాతీ ఖాళీ అవుతుంది. ఇంత సూటిగా ఉంది లెక్క. దానికి రాయీ కర్రా అక్కర్లేదు, గోడ చాలు.

గోడమీద ఎర్రమన్ను పూస్తారు. బియ్యం నూరి తెలుపు చేస్తారు, కావాలంటే దీపం మసి నలుపు. కుంచె అంటే పుల్ల, దాని చివర నలగ్గొడితే పీచు లేస్తుంది. గీసేవాడిని ఇట్టల్‌మరన్ అంటారని ఎల్విన్ రాశాడు. కొన్నిసార్లు కుడానే గీస్తాడు. మొదలుపెట్టే ముందు గోడ దగ్గర బియ్యం, కల్లు పెట్టి, ఏ సోనుం ఇల్లు అడిగిందో దాన్ని పిలుస్తారు. తర్వాత గీసేవాడు చేసే పని నిద్రపోవడం. ఏమేం గీయాలో కలలో కనబడాలి. ఒక మనిషి జబ్బు నయం కావాలంటే ఇంకో మనిషి కంటినిండా నిద్రపోవాలన్న వైద్యం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తట్టడం లేదు.

అమెరికాలో ట్రీషా హెర్సీ అనే నల్లజాతి కళాకారిణి అట్లాంటాలో 2016లో 'న్యాప్ మినిస్ట్రీ' మొదలుపెట్టింది. మనుషుల్ని ఒకచోట చేర్చి, చాపలూ దిండ్లూ వేసి పడుకోబెట్టడమే ఆవిడ ప్రదర్శన. బానిసలుగా తరతరాలు నిద్ర లేకుండా పనిచేసినవాళ్ళ మనవలకి కునుకు తీయడం హక్కు అంటుంది. పెద్దల అలసట మన ఒళ్ళలో ఉందనే ఆవిడ మాట పుట్టాసింగిలో ఎవరికి చెప్పినా వింతపడరు. అవును, అందుకే గోడ అలికాం అంటారు.

చట్రంలోకి వస్తే, ముందు హద్దు గీతలు గీసి అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ పోతారు. మొదట ఇల్లు, తర్వాత ఇంట్లోవాళ్ళు, తర్వాత వాళ్ళ వైభవం. ఇక్కడే ఎల్విన్‌కి తమాషా కనబడింది. కొండమీద గోచీ కట్టుకుని పోడు కొట్టుకునేవాళ్ళ గోడమీద ఏనుగులు, గుర్రాలు, గొడుగులు, తుపాకీ పట్టినవాళ్ళు, సైకిళ్ళు. రైలుంది. విమానం కూడా ఉంది. కుడాన్‌కి సాయపడే సోనుంలు సవరలు కారట, పల్లపు కులాలవాళ్ళు, దర్జా అయిన పెద్దమనుషులు. వాళ్ళకి ఇల్లంటే వాహనాలు ఉండొద్దూ? గుణుపూర్ సంతకి దిగివచ్చిన సవర మనిషి కళ్ళకి ఆ చిన్న రైలు పొగ చిమ్ముకుంటూ వచ్చి ఆగడం ఎలా కనబడి ఉంటుందో ఊహించుకుంటే, అది తిన్నగా కింది లోకపు స్టేషన్లో ఎందుకు ఆగిందో తెలుస్తుంది. తహసీల్దారు, పోలీసు, షావుకారు, ఫారెస్టు గార్డు పైలోకంలో వీళ్ళని ఎంత పీడించారో గోడమీద అంత చోటు సంపాదించారు. అక్కడ మాత్రం వాళ్ళు వీళ్ళ పని చేసిపెట్టాలి. ఈ ఏర్పాటులో ఉన్న ఎకసెక్కం నాకు భలే నచ్చుతుంది.

ఇంకో మాట. సవర ఇంటికి కిటికీ ఉండదు. పొయ్యి పొగకి గోడలు నల్లబడి ఉంటాయి. పగలు కూడా దీపం పట్టుకుంటే తప్ప బొమ్మ కనబడని ఇళ్ళే ఎక్కువ. బొమ్మ ముందు ఓ బుట్ట వేలాడుతుంటుంది, సొరకాయ బుర్ర ఉంటుంది, కొత్త పంట వచ్చినప్పుడు దాని వంతు దానికి పెడతారు. మన గడప ముందు బియ్యప్పిండి ముగ్గు చీమలు తినేస్తే మనం ఏడవం. ఇదీ అంతే. మసకబారితే బారుతుంది, మళ్ళీ ఎవరికో జబ్బు చేస్తే మళ్ళీ గీస్తారు.

ఎల్విన్ ఈ బొమ్మల నకళ్ళు 1951లో 'ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా'లోనూ, 1955లో 'ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్' అనే లావుపాటి పుస్తకంలోనూ అచ్చేశాడు. ఆ రెండో పుస్తకం మొత్తం సవరలదే. 1927లో మిషనరీగా దేశంలో దిగి, చర్చిని వదిలేసి, 1954లో భారత పౌరుడైన మనిషి ఆయన. మతం మార్చడానికి వచ్చి, ఒక కొండజాతి మతం మీద అంత పుస్తకం రాసి పోయాడు. బొమ్మ గోడమీంచి కాగితం మీదికి దిగడం ఆ పేజీల్లోనే మొదలైంది. మిథిలలో ఇదే పని కరువు చేసింది. 1966-67లో బీహార్ ఎండిపోతే పుపుల్ జయకర్ పంపగా భాస్కర్ కులకర్ణి కాగితాలు పట్టుకెళ్ళి ఆడవాళ్ళకి పంచాడు. డెబ్బైల్లో ఆయనే వార్లీల దగ్గరికి వెళ్ళాడు. ఆ దారి ఒకసారి పడ్డాక సవర బొమ్మ కూడా మేళాలకీ, హాట్‌లకీ నడిచొచ్చింది. పూరీ దగ్గర పటచిత్రాలు వేసే ఇళ్ళలో కూడా ఇప్పుడు టస్సరు మీద సౌరా బొమ్మలు వేస్తారు. వాళ్ళకి ఏ సోనుం కలలోకి రాలేదు, ఆర్డరు వచ్చింది.

ఇక్కడ నిట్టూర్చడం సులువు. నేను నిట్టూర్చదలుచుకోలేదు. ఆ వైద్యానికి ఖర్చుంది. చావు కర్మకి దున్నపోతులు కొయ్యాలి, దున్నపోతుకి అప్పు చెయ్యాలి, అప్పుకి పల్లపు షావుకారు దగ్గర పొలం పోవాలి. మలేరియా పురుగుకి ఇడితాల్ అర్థం కాదు, గిడుగువారి చెవులు తీసిన క్వినైనుకే అర్థమవుతుంది. కుర్రవాళ్ళు చదువుకున్నారు, బాప్టిస్టు చర్చిలో చేరారు. చదువొస్తే తహసీల్దారుతో తామే మాట్లాడగలరు, అతన్ని గోడమీద గీసి బతిమాలాల్సిన పని లేదు. విటెబ్‌స్కీ నలభై ఏళ్ళ తర్వాత 2017లో వేసిన పుస్తకానికి 'లివింగ్ వితౌట్ ది డెడ్' అని పేరు పెట్టాడు. చిన్నప్పుడు కుడాన్ ముందు కూర్చుని చచ్చిన తాతతో వాదించినవాళ్ళే ఇప్పుడు చర్చిలో ప్రార్థన చేస్తారు. తాత స్వర్గంలో ఉన్నాడు, క్షేమం. కానీ మాట్లాడడు.

ఇదే కొండల్లో 1936లో ఇంకో దారి కూడా తెరుచుకుంది. గుణుపూర్ ప్రాంతంలో మంగేయి గమాంగో అనే ఆయనకి 24 అక్షరాలు దర్శనమిచ్చాయి. సోరంగ్ సోంపెంగ్ లిపి. అక్షరాలకి దేవతల పేర్లు. అక్షరాలనే అక్షరబ్రహ్మగా పూజిస్తారు. బొమ్మ కలలో వచ్చినట్టే అక్షరమూ కలలాగే వచ్చింది. రెంటికీ 'ఇడ్' అనే ఒకే మాట ఉన్న భాషలో అలా రాకపోతేనే ఆశ్చర్యం. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ 24 మంది దేవతలకీ ఇప్పుడు కంప్యూటర్లో ఇల్లుంది.

బొమ్మకి మాత్రం 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది, జి.ఐ. ట్యాగు. ఆ విడతలోనే నియమగిరి డోంగ్రియా కోంధుల కపడాగండా శాలువాకీ, కొరాపుట్ కాలాజీరా బియ్యానికీ వచ్చింది. ట్యాగు వల్ల ఒరిగేదేమిటంటే, పూరీలో వేసిన దాన్ని లాంజియా సౌరా బొమ్మ పేరుతో అమ్మకూడదు. సవర పిల్లలకి నాలుగు డబ్బులు రావాలి, వస్తే మంచిదే. గుర్తింపు పేరుకీ, ఊరికీ, గీసే తీరుకీ వస్తుంది. ఎవరు కావాలన్నారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు అన్నవి నింపడానికి దరఖాస్తులో గళ్ళుంటాయనుకోను.

మొన్న రాయగడ చైతీ ఉత్సవానికి వెళ్ళాను. డింసా ఆడేవాళ్ళు వరస కట్టి తిరుగుతుంటే దుమ్ము లేస్తోంది. పక్క వరసలో దుకాణాలు. ఒక సవర కుర్రాడు నేలమీద గుడ్డ పరుచుకుని అక్కడికక్కడే గీస్తున్నాడు. మెళ్ళో సిలువ ఉంది. పుల్ల కాదు, సన్నటి కుంచె, తెల్లటి యాక్రిలిక్ రంగు. చట్రం ముందు, తర్వాత ఇల్లు, తర్వాత మనుషులు, ఆ వరస మాత్రం ఎల్విన్ రాసినట్టే ఉంది. పెద్దది కొనలేక మూరెడు గుడ్డ బొమ్మ ఒకటి తీసుకున్నాను. కప్పు పైన సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, గుర్రముంది, బల్లి ఉంది. అంతా వెతికాను, దువ్వెన లేదు.

"బాబూ, ఇందులో ఓ దువ్వెన గీసిపెడతావా? ఈ మూల ఖాళీ ఉంది" అన్నాను.

అతను కుంచె ఎత్తి, దించకుండా, నా మొహంలోకి చూశాడు.

"ఎవరికి సార్?" అన్నాడు.